సార్జెంట్ గారి కొత్త ఒర

అయినా కాగితం మీది మనిషికి కళ్ళెందుకు గీసి పెట్టారో, వట్టి గుండ్రాలు గీస్తే సరిపోయేది కదా, అనుకుంటోంది ఒలీటా, ఏడు గజాల అవతల చెక్క చట్రానికి గుచ్చిన ఆ బూడిదరంగు మనిషి తననే చూస్తున్నాడు, గాలి వీచినప్పుడల్లా భుజాలెగరేస్తున్నాడు, పంట కోసేసిన పొలాల మీంచి వచ్చే అక్టోబరు గాలి, చెవులకు తగిలించుకున్న డిప్పల్లోకి కూడా దూరి హోరుమంటోంది, ఆ హోరులోనే తుపాకీ నేర్పే డ్వైట్ కేకలు, వేలు పక్కన, వేలు పక్కన పెట్టండి, కాల్చాలని మీరు నిర్ణయించుకునేదాకా మీట మీదికి వేలు పోకూడదు, నిర్ణయమట, అరవై తొమ్మిదేళ్ళొచ్చాక మనిషి చేతిలో ఏ నిర్ణయం మిగులుతుందని, ఈపాటికి వెర్నా ఆయనకి గుడ్లు వేయించి పెట్టే ఉంటుంది, ఉప్పు గుమ్మరించే ఉంటుంది, తమ్ముడికి ఏది పడదో ఆ అక్కకి ఈ జన్మకి తలకెక్కదు, పోనీలే, మూడింటిదాకా ఆయన్ని వరండా దాటనివ్వకుండా చూస్తే చాలు, ఉప్పుదేముంది, ఇంతలో డ్వైట్ వెనకనించి వచ్చి ఆమె మోచేయి కాస్త పైకెత్తి, సార్జెంట్ గారి భార్యకి నేను పిస్తోలు పట్టుకోవడం నేర్పడమేంటండీ, ఊళ్ళో వింటే నా మొహం మీదే నవ్వుతారు, నాకు నేర్పిందే ఆయన, ఇంట్లో అంత పెద్ద బడి పెట్టుకుని ఈ వానాకాలం బడికొచ్చారేంటి, అన్నాడు, మొగుడి దగ్గర కారు నేర్చుకున్నప్పుడే సంసారం ఊగిపోయింది డ్వైట్, ఇది కూడా ఆయన దగ్గరే నేర్చుకుంటే ఏముంటుంది మిగలడానికి, అంది ఒలీటా, మిగతా ఏడుగురూ ఘొల్లుమన్నారు, పక్క గళ్ళో ఉన్న క్షౌరశాల అమ్మాయి కెండ్రా అయితే డిప్పలు తీసి మరీ నవ్వింది, ఎంత సులువుగా వచ్చేసింది నోట్లోంచి అబద్ధం, రెండేళ్ళుగా చర్చిలోనూ కొట్టులోనూ అడిగినవాళ్ళందరికీ, బాగున్నాడు, మోకాళ్ళ నొప్పి, బయటికి రాబుద్ధి కావడం లేదంటాడు, అని చెప్పీ చెప్పీ నాలుక నునుపుదేరిపోయింది, కాల్చండి అన్నాడు డ్వైట్, చేతిలో ఉన్నది ఎగిరింది, మణికట్టులో వాతం నొప్పి మోచేతిదాకా పాకింది, కళ్ళు తెరిచి చూస్తే తూటా కాగితపు మనిషి మోకాలి కింద మట్టిలో పడింది, పర్లేదు, వాడు భయపడ్డాడు, అన్నాడు డ్వైట్.

తర్వాత అరవడం నేర్పాడు, తుపాకీ తీసేముందు నోరు తీయాలట, ఆగు, అక్కడే ఆగు, చేతులు కనపడనీ, అని గట్టిగా అరవాలట, సగం గొడవలు అరుపుతోనే తీరిపోతాయట, కెండ్రా అరిచింది, ఆ అరుపుకి కంచె మీది పిచ్చుకలు లేచిపోయాయి, ఒలీటా వంతు వచ్చేసరికి ఆగు అనే ఒక్క ముక్క, అదీ దాహమడిగినట్టుగా వచ్చింది, మళ్ళీ, అన్నాడు డ్వైట్, మళ్ళీ అంతే, ఆ మాటలు తను చెప్పే మాటలు కావు మరి, తను విన్న మాటలు, చేతులు కనపడనీ అని ఆయన అనేటప్పుడు గొంతు ఎంత చల్లగా ఉంటుందో డ్వైట్‌కి కూడా తెలీదేమో, షెరీఫ్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్ళ పోలీసు ఉద్యోగం, ఎప్పుడూ గట్టిగా అరిచిన మనిషి కాదు, ఇప్పుడూ అరవడు, పేర్లు పోయాయి, నెలలు పోయాయి, కూతురు జోలీన్ టల్సా నించి ఫోన్ చేస్తే ఏ జోలీనండీ అని మర్యాదగా అడుగుతాడు, చొక్కా గుండీలు ఒకదానికొకటి తప్పుతాయి, కానీ పొద్దున్నే పిస్తోలు తీసి, పిడిలోని తూటాల పెట్టె లాగి, తూటాలు చూసి, మళ్ళీ టక్కున దోపి, నడుముకి తగిలించుకోవడం మాత్రం చెయ్యి మర్చిపోలేదు, ఆ పని తలదాకా పోదు, చేతిలోనే ఉండిపోయింది, డాక్టరు కూడా అదే అన్నాడు, తీసేసి దాచేయమ్మా అన్నాడు, జోలీన్ కూడా అదే, తీసి పారెయ్ మమ్మీ, నువ్వు చెయ్యలేవా అంత చిన్న పని, చేసింది, జూన్ నెలలో చేసింది, ఫ్రీజర్‌లో మొక్కజొన్న పొత్తుల కింద దాచింది, అప్పుడు ఆయన మూడు రోజులు తిండి మానేసి ఇల్లంతా పెళ్ళగించాడు, సొరుగులు నేల మీద గుమ్మరించాడు, ఏడ్చాడు, నలభై ఆరేళ్ళ కాపురంలో ఆయన ఏడవడం అదే మొదటిసారి చూడటం, మూడో రోజు వెతుక్కుంటూ చెప్పుల్లేకుండా పెద్ద రోడ్డు మీద మైలున్నర నడిచాడు, లారీలు హారన్లు కొట్టుకుంటూ పక్కనించి పోతున్నాయి, తూటాలు తీసేసి ఇద్దామా అంటే బరువు చేత్తోనే కనిపెట్టేస్తాడు, ఖాళీగా ఉందేంటి ఇది అంటాడు, ఇంకేం చేస్తుంది, మొక్కజొన్న పొత్తుల కిందనించి తీసి, తుడిచి, ఇదిగో నీ మంచం కిందే ఉంది అని చేతికిచ్చింది, అది ఇచ్చినందుకు ఆమె నుదుటి మీద ముద్దు పెట్టాడు, ఎవరనుకుని పెట్టాడో.

మధ్యాహ్నం రేకుల షెడ్డులో అందరూ తెచ్చుకున్న బ్రెడ్డు ముక్కలు తింటుండగా డ్వైట్ బల్ల మీద ఒరలన్నీ పరిచాడు, తోలువి, గట్టి ప్లాస్టిక్‌వి, నడుముకి లోపల దోపుకునేవి, బయట తగిలించుకునేవి, ఇప్పుడు మీరు నేర్చుకునేదే అసలు పాఠం, తుపాకీ మంచిది కొని చెత్త ఒర కొనేవాళ్ళే ఎక్కువ ఈ దేశంలో, అంటూ మొదలెట్టాడు, మీట చుట్టూ ఉన్న కడియం మొత్తం కప్పాలి, పై నించి నొక్కితే వంగకూడదు, తలకిందులు చేసి ఊపినా జారకూడదు, తిరిగి పెట్టేటప్పుడు ఎవరూ తరుముకురారు, కిందికి చూసి మెల్లగా పెట్టండి, నడుం దగ్గర తొందరపడి ఆసుపత్రికి పోయినవాళ్ళు నాకు ముగ్గురు తెలుసు, కెండ్రా గులాబీరంగు గుడ్డ సంచీ ఒకటి చూపించి ఇది నా బ్యాగులో ముద్దుగా ఉంటుంది కదా అంది, ఉంటుంది, నీ లిప్‌స్టిక్ వెళ్ళి మీటకి తగిలినప్పుడు ఇంకా ముద్దుగా ఉంటుంది, అన్నాడు, మళ్ళీ నవ్వులు, తర్వాత పాత తోలు ఒర ఒకటి పైకెత్తాడు, చెమటకి నల్లబడి, మూతి మెత్తబడి, పెదవిలా లోపలికి మడత పడింది, ఇదిగో, ఈ మడత చూశారా, తుపాకీ లోపలికి తోసినప్పుడు ఈ మడత వేలు చేసే పని చేస్తుంది, తోసేది మీరే, పేలేదీ మీ తొడలోకే, ఇది ఒర కాదు, మా తాత మేజోడు, అన్నాడు, అందరూ దాన్ని చేతులు మార్చుకుంటూ మూతి నొక్కి నొక్కి చూస్తున్నారు, ఒలీటా దగ్గరికి వచ్చేసరికి ఆమె బ్రెడ్డు పక్కన పెట్టేసి అందుకుంది, అచ్చం అదే, అదే మడత, పెళ్ళయిన పన్నెండో ఏట పుట్టినరోజుకి తనే కొనిచ్చింది ఆయనకి అలాంటిది, ఆ తోలుకి నెలకోసారి నూనె రాసేది తనే, మెత్తగా ఉండాలని, ఎంత మెత్తగా ఉంటే అంత బాగా చూసుకున్నట్టు అనుకుంది ఇన్నాళ్ళూ.

అందరూ మళ్ళీ కాల్చడానికి లేచారు, ఒలీటా లేవలేదు, బల్ల చివర ఉన్న నల్లటి ఒక ఒరని చేతిలోకి తీసుకుంది, అది మంచిదండీ, డ్యూటీలో ఉన్నవాళ్ళు వాడేది, వెనకనించి ఎవడైనా లాక్కోబోయినా రాదు, ఇదిగో ఇక్కడ లోపలివైపు బిళ్ళ ఉంది, బొటనవేలితో దాన్ని వెనక్కి లాగితేనే బయటికొస్తుంది, కిటుకు తెలియనివాడు గంటసేపు గుంజినా అంతే, అన్నాడు డ్వైట్, పెట్టుకున్నవాడికే కిటుకు తెలియకపోతే, అని అడిగేసింది, అడగాలని అనుకోలేదు, పెట్టుకున్నవాడికి తెలియకపోతే ఇంకెందుకండీ పెట్టుకోవడం, అని నవ్వాడు డ్వైట్, నవ్వుతూనే ఆమె మొహం చూశాడు, నవ్వు ఆగిపోయింది, బయట తుపాకులు పేలుతున్నాయి, అవతల చూసుకునే సహాయకుడి కేకలు, వేలు పక్కన, వేలు పక్కన, డ్వైట్ కుర్చీ లాక్కుని కూర్చున్నాడు, ఎప్పటినించి, అన్నాడు, రెండేళ్ళు, అంది, పాత దానికి బొటనవేలితో టప్పున గుండీ ఊడుతుంది, అది ఆయన చేతికి తెలుసు, దీని సంగతి తెలీదు, కొత్తది నేర్చుకోవడం ఇక ఆయన వల్ల కాదు, అందుకని, ఇంక చెప్పకూడదనుకుంటూనే చెప్పేసింది, ఆ పిస్తోలు సంగతేంటో తెలుసుకుందామనే నీ బడికొచ్చాను, గురువారం దండెం మీది బట్టలు తీసుకుని వెనక తలుపులోంచి వచ్చాను డ్వైట్, దుప్పట్లు మొహం దాకా ఉన్నాయి, హాల్లో నిలబడి ఉన్నాడు, గుండీ ఊడిన చప్పుడు విన్నాను, చేతులు కనపడనీ అన్నాడు, దుప్పట్లు వదిలేశాను, నేనయ్యా, ఒలీటాని, అన్నాను, గొట్టం నా వైపే ఉంది, గోడ మీది గడియారం కొట్టుకుంటోంది, ఎంతసేపో, తర్వాత దించాడు, క్షమించండమ్మా, చీకట్లో పొరపడ్డాను, అన్నాడు, పట్టపగలు డ్వైట్, పట్టపగలు, ఆమె ఏడవలేదు, డ్వైట్ మాత్రం టోపీ తీసి మొహానికి అడ్డం పెట్టుకున్నాడు, నలభయ్యారేళ్ళ మగాడు, నన్ను గుర్తుపడతాడా అన్నాడు, నాకు తెలీదు నాయనా, అంది.

మూడింటికి డ్వైట్ బండి ఆమె కారు వెనకే వచ్చింది, దారి పొడుగునా అద్దంలో ఆ బండి కనపడుతూనే ఉంది, తప్పు చేస్తున్నానా, ఊరికి తెలిసిపోతుంది ఇక, డ్వైట్ చెప్పడు, చెప్పకపోయినా అతని కళ్ళు చెప్తాయి, వరండాలో వెర్నా లేచి, వచ్చావా మరదలా, పొద్దున్నించీ ఒకటే నస, కుదురుగా కూర్చోడు, గేటు దాకా వెళ్ళడం రావడం, అంది, ఆయన, వెండెల్, మెట్ల మీద నించున్నాడు, ఇస్త్రీ చొక్కా, గుండీలు తప్పు, నడుముకి ఆ మెత్తటి తోలు ఒర, డ్వైట్‌ని చూశాడు, పేరు రాలేదు, కానీ నిలబడే తీరు చూసి ఆఫీసు మనిషని పోల్చుకున్నట్టున్నాడు, ఏం అబ్బాయ్, అన్నాడు, డ్వైట్ నిటారుగా నిలబడి, సార్జెంట్ గారూ, పైనించి కొత్త ఆర్డరొచ్చిందండీ, పాత తోలు ఒరలన్నీ వెనక్కి ఇచ్చేయాలంట, పిస్తోలు కూడా ఒకసారి తనిఖీ చేయాలంట, అందరికీ ఇవే ఇస్తున్నారు, అని నల్లటిది చూపించాడు, పైవాళ్ళకి పనేముంది, అని గొణిగాడు వెండెల్, ఆర్డరంటే మాత్రం ఎదురు చెప్పలేదు, ఎప్పుడు చెప్పాడు గనక, పిస్తోలు తీసి, పెట్టె లాగి, లోపల ఖాళీ అని చూపించి, పిడి అవతలికి తిప్పి పద్ధతిగా అందించాడు, ఆ పద్ధతి చూస్తే ఏ లోపం లేని మనిషిలా ఉన్నాడు ఆ క్షణాన, ఒలీటాయే అబద్ధాలకోరులా ఉంది, బండిలో కూర్చుని ఏం చేయబోతాడో డ్వైట్ ఆమెకి ముందే చెప్పాడు, తూటాని కొట్టే సూది ఉంటుందండీ లోపల, అది తీసేస్తాను, బరువు మారదు, చప్పుడు మారదు, ఇక అది పేలదు, నా మీద ఒట్టు, పది నిమిషాలకి తెచ్చి ఇచ్చాడు, వెండెల్ తూటాలు చూసుకున్నాడు, బరువు చూసుకున్నాడు, తల ఊపాడు, పాత ఒర విప్పి ఇచ్చేసి, కొత్తది తగిలించుకుని అందులో పెట్టాడు, లాగి చూశాడు, రాలేదు, మళ్ళీ లాగాడు, బొటనవేలు ఎప్పటి గుండీ కోసం గాల్లో తడుముకుంది, గట్టిగా ఉంది, మంచిదే, అన్నాడు, ఒలీటా వరండా స్తంభాన్ని పట్టుకుంది, అయిపోయింది, మరి ఇంకా చెయ్యి వదలబుద్ధి కావడం లేదేంటి.

అప్పుడు వెండెల్ డ్వైట్ మోచెయ్యి పట్టుకుని మెట్ల పక్కకి తీసుకెళ్ళాడు, గొంతు తగ్గించాననుకున్నాడు గానీ అన్నీ వినపడుతున్నాయి, అబ్బాయ్, ఆఫీసులో అందరికీ చాటకు, మా ఆవిడ కనపడటం లేదు, ఎన్నాళ్ళయిందండీ అన్నాడు డ్వైట్, చాలా రోజులైంది, లెక్క తప్పింది, పేరు ఒలీటా, ఒ, లీ, టా, రాసుకో, పొట్టి మనిషి, ఎడం కనుబొమ్మ మీద గాటు ఉంటుంది, చిన్నప్పుడు ఉయ్యాల తగిలి, నవ్వితే చెయ్యి అడ్డం పెట్టుకుంటుంది, చలి అస్సలు పడదు, కోటు ఇక్కడే వదిలేసి పోయింది, చూడు, ఆ కొక్కేనికే ఉంది, ఇంట్లో ఇంకెవరో ఆవిడ తిరుగుతోంది, చెడ్డదేం కాదు పాపం, వండి పెడుతుంది, కానీ మా ఆవిడ బట్టలు వేసుకుంటోంది, ఒలీటా ఏదమ్మా అంటే నేనే అంటుంది, నాకు అనుమానంగా ఉంది, ఒలీటాకి ఏదైనా అయ్యుంటే, అని ఆగాడు, చెయ్యి నడుము మీదికి పోయింది, అందుకే ఇది తియ్యను, తను తిరిగొచ్చేదాకా ఈ ఇల్లు కదలను, డ్వైట్ జేబులోంచి పుస్తకం తీశాడు, నిజంగానే రాసుకున్నాడు, పేరు, కనుబొమ్మ, కోటు, రాస్తూ ఒక్కసారైనా తలెత్తి ఆమె వైపు చూడలేదు, వెతుకుతాం సార్జెంట్ గారూ, అన్నాడు.

ఒలీటా కదల్లేదు, వెర్నా ఏదో అంటోంది, వినపడలేదు, ఇన్నాళ్ళూ తనని మర్చిపోయాడని ఏడ్చింది, మర్చిపోలేదు, గాటుతో సహా, ఉయ్యాలతో సహా, ఎక్కడా ఒక్క ముక్క పోలేదు, తిండి మాని వెతికింది తుపాకీ కోసం కాదు, చెప్పుల్లేకుండా రోడ్డెక్కింది తుపాకీ కోసం కాదు, ఒలీటా కోసం, ఇంట్లో తిరిగే ఈ ఆవిడ నుంచి ఆ ఒలీటానే కాపాడుకుంటున్నాడు, ఆ సూది తీసేయించింది తను, ఇంక ఆ మనిషి దగ్గర భార్యని కాపాడటానికి ఏమీ లేదు, ఆ సంగతి ఆయనకి తెలీదు, చెప్పేవాళ్ళు లేరు, నేనే ఒలీటాని అని రేపు మళ్ళీ చెప్తే మళ్ళీ భయపడతాడు, ఎల్లుండీ అంతే, ఎంత చెప్తే అంత అనుమానం, లోపలికి వెళ్ళబోయి తలుపు దగ్గర ఆగింది, ఆయన చూస్తున్నాడు, ఒలీటా తన చేతులు రెండూ ఆయనకి కనపడేలా పెట్టుకుని, మీ ఆవిడ వచ్చేదాకా నేను చూసుకుంటానండీ, కాఫీ పెట్టనా, అంది, ఆయన భుజాలు దిగాయి, చాలా రోజుల తర్వాత దిగాయి, పెట్టమ్మా, అన్నాడు, అప్పుడర్థమైంది ఆమెకి, ఇక మిగిలిన రోజులన్నీ ఈ ఇంటికి ఒలీటా రాదు, ఆమె కోసం ఎదురుచూసే మనిషికి తోడుగా తను ఉండాలి, అంతే.