లాహోరు బియ్యం

ఉన్ని శాలువాని మార్తమ్మ సంచీలో అన్నిటికన్నా అడుగున పెట్టింది. మళ్ళీ తీసి పైన పెట్టింది. అడుగునుంటే రైల్లో తీసుకోవడానికి బద్ధకిస్తాడు. పైనుంటే ఏ స్టేషన్లోనో జారిపోతుంది. చివరికి రెండు చొక్కాల నడుమ మడిచి పెట్టి, సంచీ మూతి తాడు బిగించకుండా అలాగే కూర్చుంది. తాడు బిగిస్తే ప్రయాణం ఖాయమైపోతుందని ఆమెకో బెంగ.

"అక్కా, నేను వెళ్ళేది సభకే. యుద్ధానిక్కాదు," అన్నాడు ప్రభుదాసు నవ్వుతూ. "ఎనిమిదో తారీఖుకల్లా అయిపోద్ది. ఆ పై వారం నీ చేతి అన్నం తింటాను."

'నాన్న కూడా కోతలనాటికి వచ్చేస్తానన్నాడు' అనబోయి మార్తమ్మ మాట మింగేసింది. నాన్న బర్మాకి, రంగం వెళ్ళిననాడు గోనెసంచీ సర్దింది తనే. అప్పుడు తనకి పన్నెండేళ్ళు. ప్రభుదాసు ఇంకా పాలు తాగే బిడ్డ. కాకినాడలో ఓడెక్కానని ఒక కార్డు వచ్చింది. ఆ తరవాత ఏమీ రాలేదు. మూడేళ్ళకి అమ్మా పోయింది. తమ్ముణ్ణి చంకనేసుకునే ఆమె మిషను బళ్ళో చదువుకుంది, ట్రైనింగు పూర్తి చేసింది, కొల్లేటి లంకలో చిన్న బడికి పంతులమ్మ అయింది, తరవాత ఏలూరుకి మారింది. పెళ్ళి మాట ఎవరైనా ఎత్తితే "వీడి చదువు కానివ్వండి" అనేది. ఈమధ్య ఎవరూ ఆ మాట ఎత్తడం లేదు.

అసలీ ప్రయాణం అక్టోబరులోనే తప్పిపోవలసింది. తప్పిపోనివ్వడం ఆమె చేతిలోనే ఉండింది.

ప్రభుదాసు వాల్తేరులో, యూనివర్సిటీలో చదువుతున్నాడు. ఎండాకాలంలో సముద్రపు నీరు ఉప్పుటేరు గుండా కొల్లేట్లోకి ఎంతదాకా ఎగదన్నుతుంది, అప్పుడు ఏ చేప నిలుస్తుంది, ఏది పోతుంది అన్నదాని మీద ఒక వ్యాసం రాశాడు. ఆ ప్రశ్న వాడికి వాల్తేరులో పుట్టింది కాదు. లంక బడికి పడవలో వెళ్ళేటప్పుడు ఏడేళ్ళవాడు నీళ్ళలో వేలు ముంచి నాకి, "అక్కా, ఇయ్యాళ ఉప్పగా ఉన్నాయి. మొన్న లేవు. ఎందుకు?" అనేవాడు. ఆమెకి తెలియదు. "పెద్దయ్యాక నువ్వే చెబుదువుగాని" అనేది.

జనవరిలో దేశంలోని శాస్త్రజ్ఞులంతా లాహోరులో కలుస్తారట. ఆ సభలో వ్యాసం చదవడానికి ప్రభుదాసుకి అనుమతి వచ్చింది. అంత దూరం పోను రాను ఖర్చు పంతులమ్మ జీతానికి అందేది కాదు. అయితే ఇలాంటి సభలకి వెళ్ళే విద్యార్థుల కోసం యూనివర్సిటీలో ఒక నిధి ఉంది. అందులోంచి అతనికి రైలు ఛార్జీలు, తిండి ఖర్చులు మంజూరు చేశారు.

ఆ కబురు అందకముందే ఏలూరు క్రైస్తవ సంఘంలో ఆడవాళ్ళు పిడికిటి బియ్యం తీయడం మొదలుపెట్టారు. పూటపూటా ఎసట్లో పోసేముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేస్తారు. ఆదివారం ఆ కుండ గుడికి తెచ్చి పీపాలో ఒంపుతారు. పాస్టరుగారు ప్రార్థన చేశాక ఆ బియ్యం దేవుడివి; మళ్ళీ ఏ ఇంటి గడపా తొక్కవు. మామూలుగా వాటిని అమ్మి ఊళ్ళలో వాక్యం చెప్పే బైబిలమ్మలకి జీతమిచ్చేవారు. ఆ ఏడు మాత్రం "మన పంతులమ్మగారి తమ్ముడి లాహోరుకి" అనుకున్నారు. పీపా తాళంచెవి మార్తమ్మ మొలలో ఉండేది.

మంజూరైందని తెలిసి సంఘమంతా పొంగిపోయింది. అందరికన్నా ఎక్కువ పొంగినవారు సంఘ కార్యదర్శి దేవసహాయంగారు. ఆయనకి ఇంగ్లీషు రాయడం వచ్చు. సంతోషం పట్టలేక యూనివర్సిటీకి కృతజ్ఞతలు రాసి పోస్టులో వేశారు. అబ్బాయి ప్రయాణానికి తామూ బియ్యం పోగు చేశామనీ, దేవుడు రెండు చేతులా ఇస్తున్నాడనీ కూడా రాశారు.

ఆ ఆదివారానికి ప్రభుదాసు రైలు దిగి వచ్చాడు. మొహంలో నెత్తుటిచుక్క లేదు.

"ఆ నిధి ఇంకే సాయమూ లేనోళ్ళకేనటండీ," అన్నాడు గుళ్ళో పెద్దలందరి ముందూ. "నాకు సంఘం సాయం ఉందని ఆపేశారు. అది లేదని మీరీ వారంలో రాసిస్తే ఇస్తారంట. లేకపోతే నా తరవాత పేరున్నోడికి పోద్ది."

దేవసహాయంగారు నిలువునా కుంగిపోయారు. "కృతజ్ఞత చెప్పుకోడం తప్పాండీ?"

"దేవుడికి చెప్పుకోమన్నారు గాని వాల్తేరుకి చెప్పమన్నారా అండీ?" అంది బైబిలమ్మ మరియమ్మ. "మాకు మోకాళ్ళ మీద చెప్పుకోడవొక్కటే వచ్చు. బతికిపోయాం."

"పోనీ బియ్యం అమ్మి పంపిద్దాం," అన్నాడు వడ్రంగి తోమా.

"ఆ డబ్బుతో నాగపూరు దాకా వెళ్తాడు. అక్కణ్ణించి నడుస్తాడా?" అంది మరియమ్మ.

"అయితే బియ్యం లేవని రాసెయ్యండి."

"పీపా ఎదురుగా పెట్టుకుని లేవని ఎలా రాయనయ్యా? కింద నా సంతకం!" అన్నారు దేవసహాయంగారు.

"ఎవరివి వాళ్ళం పట్టుకుపోతే?" అన్నాడు తోమా.

"దేవుడి బియ్యం కొంపకి పట్టుకెళ్తావా? నీ పెళ్ళాం వండుద్దా?" అని మరియమ్మ కసిరింది.

తోమా లేచి పీపా చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు.

ఆ బియ్యం ఇంటికి వెళ్ళకూడదు గాని, గుడి దగ్గరే వండి అందరూ తినెయ్యచ్చు. ప్రేమవిందు చేస్తే, సాయం లేదని రాసినా అబద్ధం కాదు. ఆ ఊహ అందరికన్నా ముందు మార్తమ్మకే వచ్చింది. తను ఊరుకుంటే చాలు, వారం గడిచిపోతుంది. తమ్ముడు చదువు ముగించుకుని ఏ తణుకులోనో తాడేపల్లిగూడెంలోనో హైస్కూలు మాస్టరవుతాడు. శనివారం సాయంత్రం బండి దిగి, చంకలో గొడుగుతో వచ్చి, "అక్కా, ఆకలేస్తంది" అంటాడు. ఆ బతుకు ఆమెకి చేత్తో తాకేంత దగ్గరగా కనిపించింది.

ప్రభుదాసు ఆమె వంక చూడలేదు. పడవ అంచున కూర్చున్నప్పటిలాగే మోకాళ్ళు ముడుచుకుని గడప మీద కూర్చున్నాడు. పెద్దయ్యాక నువ్వే చెబుదువుగాని అన్నది తనే.

మార్తమ్మ మొలలోంచి తాళంచెవి తీసింది.

"వండేద్దామండీ," అంది. "అన్నీ. గింజ మిగలకుండా."

మర్నాడు గుడి వెనక గాడిపొయ్యి తవ్వారు. లంకలవాళ్ళు చేపలు పంపారు. అంత బియ్యం సంఘం ఒక్కటే తినలేదని పడవలవాళ్ళనీ, స్టేషను కూలీలనీ పిలిచారు. సంగతి విన్నవాళ్ళంతా నవ్వుకుంటూ కూర్చున్నారు.

"ఏరా, ఎక్కడిదాకా వచ్చావు?"

"బెజవాడ దాటానండీ. ఇంకో గరిటె వెయ్యండి, వార్ధా అందుకుంటాను," అన్నాడొక స్టేషను కూలీ.

"మరియమ్మగారు ఢిల్లీలో ఉన్నారర్రా! లేవలేకపోతన్నారు," అన్నాడు తోమా.

దేవసహాయంగారు సిగ్గుతో దూరంగా నిలబడ్డారు. మరియమ్మ ఆయనకీ విస్తరి వేసింది. "మీరు తినకపోతే ఆ మెతుకులు కూడా సాయం కింద లెక్కేస్తారండీ. కూర్చోండి."

మార్తమ్మ వడ్డిస్తూనే ఉంది. చివరికి పీపా బోర్లించి, అడుగున తట్టి చూశారు. ఆ సాయంత్రమే దేవసహాయంగారు ఉన్నదున్నట్టు రాశారు. ఈసారి మరియమ్మ పక్కనే కూర్చుని ప్రతి మాటా తెలుగులో చెప్పించుకుంది. ఆ నెలాఖరుకి మంజూరు మళ్ళీ వచ్చింది.

క్రిస్మసు వెళ్ళింది. ఇప్పుడు సంచీ సర్దడం కూడా అయింది. మార్తమ్మ బిగించని తాడుని ప్రభుదాసే బిగించుకున్నాడు.

బెజవాడ వెళ్ళి అక్కడ ఢిల్లీ బండి ఎక్కాలి. ఏలూరు స్టేషన్లో కిటికీలోంచి అక్క చెయ్యి పట్టుకుని, "నేనొచ్చేసరికి కొల్లేట్లో పిట్టలింకా ఉంటాయక్కా. పడవ మాట్లాడి ఉంచు. మన లంక బడి దాకా వెళ్దాం," అన్నాడు.

"వెళ్దాం నాయనా. శాలువా కప్పుకో."

బండి కదిలింది. ఆమె చెయ్యి వదలడం మరిచిపోయి నాలుగడుగులు వెంట నడిచింది.

లాహోరునించి ఒక ఉత్తరం వచ్చింది. వ్యాసం చదివాడట. ఒక పెద్దాయన లేచి, ఆ నీళ్ళు పరీక్ష చేశావా, రుచి చూశావా అని అడిగాడట. రెండూనండీ అన్నాడట. సభంతా నవ్విందట. ఇక్కడి చలి చెబితే నీకు అర్థం కాదక్కా, ఒళ్ళు కొంచెం వెచ్చగా ఉంది, శాలువా తియ్యడం లేదు అని రాశాడు. ఆ ఉత్తరం చదివిన రోజే మార్తమ్మ పడవ మాట్లాడింది.

ఫిబ్రవరిలో సంచీ రైల్వే పార్సిల్లో వచ్చింది. శాలువా అందులోనే ఉంది. మడత మాత్రం ఆమె పెట్టిన మడత కాదు.

ప్రభుదాసు తిరిగి రాలేదు. 1939 జనవరి పదకొండో తారీఖున లాహోరు ఆస్పత్రిలో, న్యుమోనియాతో పోయాడు.