గంటకు రెండు చెంచాల గంజి

"కారం తింటెనే రగతం పడుతది బిడ్డా," అంటూ లస్మవ్వ గిన్నె మీది గుడ్డ విప్పింది. తెల్ల మెతుకు కనబడకుండా ఎర్రగా కలిపిన అన్నం, మీద వేయించిన వెల్లుల్లి. బాలింతకు పెట్టే పథ్యం. సుల్తానాబాద్‌లో తెల్లవారకముందే లేచి కారం దంచి, తొలి బస్సులో కరీంనగర్ దవాఖానకు తెచ్చింది. ఎరుపు తింటే ఎరుపు పుడుతుందని ఆమె నమ్మకం.

కోడలు నర్మద మంచం మీద వెల్లకిలా పడుకొని ఉంది. నాలుగు రోజుల కింద కాన్పులో ఒంట్లోని రక్తం చాలావరకు పోయింది. బిడ్డ దక్కలేదు. మగడు అంబదాస్ రక్తం తీసే సూదిని చూసి వరండాలోకి పోతే, ఒక కంపౌండర్ రక్తం ఇచ్చి ఈమెను దక్కించాడు. పాలు అణగడానికి రొమ్ములకు గట్టిగా గుడ్డ కట్టారు. బిడ్డ సంగతి ఎవరూ ఆమె ముందు ఎత్తలేదు.

డాక్టరమ్మ మాత్రం కడుపు గురించి పదే పదే చెప్పింది. రక్తం తక్కువైనప్పుడు శరీరం ఉన్నదాన్ని ముందు గుండెకు, మెదడుకు పంపుతుందట. పేగులకు అందరి తర్వాతే. అప్పుడు వాటి లోపలి పొర పుండుపడుతుందని, దాన్ని కాపాడాలంటే కడుపును ఖాళీగా ఉంచకుండా గంటకు రెండు చెంచాల పల్చటి గంజి పట్టాలని, కారం ముట్టవద్దని, విరేచనం తారులా నల్లగా కనబడితే లోపల రక్తం కారుతున్నట్టేనని చెప్పింది. పేగులకు అందరి తర్వాతే అన్న మాట నర్మదకు కొత్తగా అనిపించలేదు. ఇంట్లో మామ, మగడు, మరుదులు, పిల్లలు తిని లేచాక, మగ్గానికి కావలసిన నూలు కండెలన్నీ చుట్టి వచ్చాక, కుండలో మిగిలింది గోకి తినడమే ఆమె ఎరుగును. పన్నెండేళ్లలో ఆకలి వేసినప్పుడు తిన్న గుర్తు లేదు. "ఆడోళ్లకు ఆకలేంది?" అని అత్త ఒకసారి అంటే అంబదాస్ నవ్వాడు. ఆ రోజు తనూ నవ్వింది.

నిన్న అత్త మాట కాదనలేక మూడు ముద్దలు తిన్నది. అవి దిగిన దారంతా నిప్పు. సాయంత్రానికి కడుపు మెలిపెడితే నర్సు గౌహర్‌కు చెప్పక తప్పలేదు.

"మూడు ముద్దలా? నాకు చెప్పకుండ?" గౌహర్ నెత్తి కొట్టుకుంది. "సచ్చి బతికినవు తల్లీ. గిప్పుడు అత్తకు భయపడి మల్ల సస్తవా?"

ఈ ఉదయం గౌహర్ బెడ్‌పాన్‌ను కిటికీ వెలుగులోకి పట్టుకుపోయి వంగి చూసింది. ఆ కాసేపూ నర్మద ఇంటిదగ్గరున్న ఇద్దరు పిల్లల పేర్లను లోలోపల పలుకుతూ ఉంది.

"నల్లగ లేదు. మామూలుగనే ఉన్నది. ఫికర్ చెయ్యకు."

నర్మద ఏడ్చింది. బతికినందుకు సంతోషంతో ఏడ్చింది. బిడ్డను పోగొట్టుకున్నదాన్ని, ఇట్లా సంతోషించవచ్చునా అనుకుంది. అయినా ఆ సంతోషం పోలేదు.

అందుకే ఇప్పుడు ముద్ద నోటి దగ్గరికి రాగానే చేయి అడ్డం పెట్టింది.

"తినను అత్తమ్మా."

ఆ మాట అన్నది తానేనా అని ఆమెకే అనుమానం కలిగింది.

లస్మవ్వ ముఖం మాడ్చుకుంది. "డాక్టరమ్మ చెప్పంగనే అయిపాయెనా? ఐదుగురిని కన్న నేను. కాన్పయినంక మూడు దినాలు చుక్క నీళ్లియ్యలే నాకు. గీ కారమే తిన్న. ఏమన్న అయ్యిందా?"

"కడుపుల మంట లేకుండెనా?"

"ఎందుకు లేదు? గిప్పటికి ఉన్నది. తెల్లారి లేస్తె నిప్పు పెట్టినట్టుంటది." లస్మవ్వ ఆగి కోడలి వైపు చూసింది. "అందరికి ఉండదా మరి?"

అందులో ఎకసెక్కెం లేదు. నిజంగానే తెలియక అడిగింది.

"పొద్దుగాల ఏమన్న తిన్నరా?" అంది నర్మద.

"గీ యాళకు ఎవలు తింటరు? పోయి మగోళ్లకు వండాలె."

నర్మద మెల్లగా పక్కకు ఒత్తిగిలి, మంచం పక్కనున్న తన గంజి గిన్నెను అత్త వైపు జరిపింది.

"కూసోండ్రి."

"నీది నేనెట్ల తాగుతనే, ఎడ్డిదానా?"

"గౌహర్ నాకు మల్ల తెస్తది. కూసోండ్రి."

లస్మవ్వ తలుపు వైపు ఒకసారి చూసి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. మొదటి గుటక దిగగానే కళ్లు మూసుకుంది.

గుమ్మంలోకి అంబదాస్ వచ్చాడు. "అవ్వా, బస్సు పోతది. బాపు బువ్వకు యాళయితుంది, నడువు."

లస్మవ్వ గిన్నె పెట్టి లేవబోయింది. నర్మద ఆమె భుజం మీద చేయి వేసింది. ఆ చేతిలో బలమేమీ లేదు. అయినా లస్మవ్వ ఆగింది.

"బస్సు పోనియ్యుండ్రి," అంది నర్మద మగనితో. "అత్తమ్మ ఇంకా తినలే."