ఒలిచిన విమానం

ధనరాజు కటింగ్ ప్లేయరు చేత్తో పట్టుకుని, తను టీ తాగొచ్చేలోగా బొమ్మ విమానానికి పట్టిన గతి చూస్తూ నిలబడిపోయాడు. పొద్దున ప్లాస్టిక్ చట్రాలకి వరసగా అంటుకుని ఉన్న ముక్కలన్నీ స్టీలు పళ్లెంలో కుప్పగా పడున్నాయి. ఖాళీ చట్రాలు చెత్తతట్టలో, రొయ్య పెంకుల మీద ఉన్నాయి.

"ఒలిసేసినాను," అంది అతని తోడబుట్టిన అప్ప తవిటమ్మ. "నువ్వొక్కోటీ కత్తిరిస్తే సందేళయిపోతాది కదేటి."

అతనికి ఒళ్లు మండిపోయింది. ఏ ముక్క ఎక్కడిదో చెప్పే నంబర్లు చట్రం మీదే ఉంటాయి. అతికించేముందు ఒక్కొక్కటే విడదీయాలి. ముందు ముక్కకి దూరంగా కోసి, తర్వాత దగ్గరగా కోయాలి. సన్నవాటిని మెలిపెడితే విరుగుతాయి. ఇవన్నీ ఆవిడకి చెప్పి చెప్పి నోరు నొప్పెట్టింది. రొయ్యల షెడ్డులో తల తిప్పి లాగి, పెంకు ఒలిచి ముసలైన చేతులవి. ఒలవడానికి వీలైంది కనబడితే ఊరుకోవు. కుక్క పని గాడిద చేసిందంటారే, అలా అయింది.

సాయంత్రానికి విమానం నిలబడాలి. భోగాపురం రోడ్డులో, కొత్త విమానాశ్రయం పేరు చెప్పి ప్లాట్లు అమ్మేవాళ్ల ఆఫీసు రేపు తెరుస్తున్నారు; ఇది వాళ్ల బల్ల మీదకే. నడుం దెబ్బతిని వేట మానేశాక చిన్న బొమ్మలతో పని నేర్చుకుంటే, విజయనగరం బొమ్మల దుకాణంవాళ్లు నమ్మి ఇచ్చిన మొదటి పని ఇది. ఇది చెడితే రెండోది రాదు.

"కోపమొచ్చిందేట్రా? ఆ సన్నది మాత్రం..."

"నువ్వు మాటాడకప్పా. నీకు దండం పెడతాను, ఆ గోడకాడ కూకో."

ఆవిడ కూర్చుంది. అతను చట్రాలు కడిగి తెచ్చి, ముక్క మీది గాటునీ చట్రం మీది మొండినీ జతచేసి చూస్తూ నంబర్లు వెతుక్కున్నాడు. మధ్యాహ్నం దాటాక విమానం ఒక ఆకారానికి వచ్చింది. ముందు చక్రం కాలు మాత్రం లేదు. చీపురుపుల్లంత ముక్క. పళ్లెంలో లేదు, తట్టలో లేదు, పెంకుల్లో చెయ్యిపెట్టి కెలికినా లేదు. అది లేకపోతే విమానం మూతి నేలకి కొట్టుకుంటుంది.

"ఒరే, నాను సెప్పేది ఇను..."

"నోర్ముయ్యప్పా."

అనేశాక నాలుక కరుచుకున్నాడు. నాన్న సముద్రం నుంచి తిరిగిరాని ఏడు, పెళ్లి మానుకుని షెడ్డుకి పోయి తనని పెంచిన మనిషి. ఐసులో నాని వేలిముద్రలు అరిగిపోయి, రేషన్ మిషను ఆవిణ్ని ఇప్పటికీ గుర్తుపట్టదు. అన్నీ తెలుసు. తెలిసినా విసుగు విసుగే.

ఆవిడ కొంగు ముడి గుప్పిట్లో పట్టుకుని, గోడకి చేరగిలబడి కళ్లు మూసుకుంది.

ఎండ వాలింది. వెతికి వెతికి అలిసిపోయి, "పోన్లే అప్పా, టీ తాగుతావేటి?" అన్నాడు. పలకలేదు. అలిగిందనుకున్నాడు. దగ్గరకెళ్లి భుజం మీద చెయ్యేస్తే తల పక్కకి వాలిపోయింది.

అతని కేకకి పక్కింటి గురమ్మ పరుగున వచ్చింది. చెయ్యి పట్టి చూసింది, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. ఏడుస్తూనే తవిటమ్మని చాప మీద సరిగా పడుకోబెట్టి, గుప్పిటలోంచి కొంగు విడిపించి ముడి విప్పింది.

"ఏటో దాసింది, సూడు," అంటూ అతని చేతిలో పెట్టింది.

ముందు చక్రం కాలు. అప్ప దీన్ని మెలిపెట్టి లాగలేదు. చట్రాన్నే కాలికి దూరంగా కత్తిపీట మీద కోసింది, అతను ఎప్పుడూ చెప్పినట్టే.

దీపాలవేళకి దుకాణం మనిషి వచ్చాడు. గుమ్మంలో నిలబడి చూసి, విమానం సంగతి అడక్కుండా వెళ్లిపోయాడు. ధనరాజు అప్ప కాళ్ల దగ్గరనుంచి లేవలేదు. మూతి నేలకానిన విమానం పక్కన, స్టీలు పళ్లెంలో, చిన్న చట్రం ముక్కలో విరక్కుండా ఆ కాలు, దాని పక్కనే దాని నంబరు.