అమావాస్య మరునాడు బస్సు

తొమ్మిదో తరగతి పిల్లలకు హైదరాబాదులో అక్వేరియం చూపించాలని మా కోడుమూరు బడిలో మీటింగ్ పెట్టారు. అద్దాల సొరంగంలో నడుస్తుంటే నెత్తి మీద చేపలు పోతాయట. రాఘవేంద్రప్రసాద్ సారు తేదీ చెప్పాడు. ఆదివారం, అమావాస్య.

సారుకు తెలివి ఉంది. అమావాస్య నాడు మా చేనేత ఇళ్ళల్లో మగ్గం ముట్టరు. పిల్లలకు ఇంటి పని ఉండదు.

"అమావాస్య పూట ప్రయాణమేంది సార్? పిల్లోళ్ళతో!" అన్నాడు లక్ష్మీనరసయ్య సెట్టి. బస్సు ఆయనదే. మా వీధికి నూలిచ్చేదీ ఆయనే. ప్రయాణం సోమవారానికి మారింది.

సోమవారమే నేను మగ్గానికి పడుగు అతకాలని సెట్టి గడువు. పాత పడుగు కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే మెలేసి కలపాలి. ఒకరు అందించాలి, ఒకరు మెలేయాలి. నా భార్య శివలీల అందించేది. ఆమె పోయి మూడేళ్ళు. ఇప్పుడు తొమ్మిది చదివే కూతురు శశికళ అందిస్తుంది. పక్కింటివాళ్ళను పిలుద్దామంటే వాళ్ళ మగ్గాలు వాళ్ళకున్నాయి.

"సెట్టీ, మంగళవారం అతుకుతా. ఒక్కరోజు ఆగు," అన్నాను.

"నీ ఇష్టం ఉరుకుందప్పా. నిదానంగా చేసుకో. నూలు ఓబులేసు మగ్గానికిస్తాలే." నవ్వుతూనే అన్నాడు.

నాకు మొండితనం పుట్టింది. అందరి ముందరే శశికళను పంపే కాగితం మీద సంతకం పెట్టాను.

ఇంటికొచ్చి శశికళతో చెప్పాను. "ఆదివారమే అతికేద్దాం. సోమవారం నువ్వు బస్సెక్కు."

దాని ముఖం మాడిపోయింది. "అమావాస్య నాడా? వద్దు నాయనా. అప్పుడు నేసినందుకే కదా అమ్మ..."

మూడేళ్ళ కిందట ఒక అమావాస్య నాడు నేశాను. నిజమే. చీర మగ్గం మీంచి దించే తొందరలో, జ్వరంతో పడున్న శివలీలను నాలుగు రోజులు ఆసుపత్రికి తీసుకుపోలేదు. అదీ నిజమే. వీధి మాత్రం అమావాస్యనే తప్పుపట్టింది. నేను కాదనలేదు. ఆ మాటే నిలిస్తే నన్నెవరూ ఏమీ అడగరు.

ఆదివారం మగ్గం ముందర ఒక్కడినే కూర్చున్నాను. శశికళ గడప దాటి లోపలికి రాలేదు.

"లేయ్ నాయనా. నీకేమన్నా అయితే నేను యాడికి పోవాల?" అని ఏడుస్తూనే ఉంది.

అమావాస్య కాదు, నేనే మీ అమ్మను చంపుకున్నాను అని ఒక్క మాట అంటే చాలు. లేచి వచ్చి పోగులందించేది. మరునాడు బస్సెక్కేది. ఆ మాట అనకుండానే ఇంకో పోగు మెలేశాను. చీకటి పడేసరికి పదో వంతు కూడా అతకలేదు.

సోమవారం తెల్లవారి బస్సు వీధిలోకొచ్చింది. దాని స్నేహితురాలు నాగశ్రీ కిటికీలోంచి అరిచింది.

"ఏమే శశీ, ఇంకా తయారు కాలేదా? బస్సు పోతాండాది!"

"కడుపునొప్పి మే. మీరు పోండి!"

శశికళ లోపలికొచ్చి నా ఎదురుగా కూర్చుంది.

"ఇప్పుడైనా పో," అన్నాను.

"చేపలు యాడికి పోతాయిలే. పట్టు నాయనా."

పోగు అందించింది. పట్టుకున్నాను.