తొమ్మిది పూటలు

అటెండరు నోటీసు పుస్తకం పట్టుకుని కుట్టుగదిలోకి వచ్చేసరికి ఆమె నోట్లో ముద్ద ఉంది. మింగడానికీ లేదు, మాట్లాడటానికీ లేదు. డబ్బా మూత గబుక్కున పెట్టేసి, పెదాలు బిగించి, చదవకుండానే సంతకం గీకేసింది. అతను గడప దాటాకే ముద్ద గొంతు దిగింది. దేనికి ఒప్పుకుందో తర్వాతి పీరియడ్‌లో తొమ్మిదో తరగతి ఆడపిల్లలు చెప్పారు. "మేడం, టూరుకి మాతో మీరే వస్తున్నారంట కదా. సంతకం కూడా పెట్టారంట."

బళ్ళో ఆమెని అందరూ కుట్టు టీచరనే అంటారు. పదహారేళ్ళుగా పిల్లలకి కుట్లూ అల్లికలూ నేర్పుతోంది. స్టాఫ్ రూములో మధ్యాహ్నం అందరూ డబ్బాలు విప్పుకుని, ఒకరి కూర ఒకరు రుచి చూస్తూ నవ్వుకునే వేళకి ఈవిడకి తప్పకుండా ఏదో ఒక మిషను పాడవుతుంది. బాగుచేసుకోవాలంటుంది. నిజానికి ఆఖరి మిషను వెనక కూర్చుని, ఒళ్ళో డబ్బా పెట్టుకుని, ఒక కాలితో ఖాళీ మిషను తొక్కుతూ తింటుంది. ఆ టకటకలో తన నమలడం తనక్కూడా వినపడదు. గుడ్డ లేకుండా మిషను తొక్కకండర్రా, పాడైపోతుందని పిల్లల్ని రోజూ కసిరేది ఈవిడే.

టూరు మూడు రోజులు. తొమ్మిదో తరగతి మొత్తానికి తప్పనిసరి, దానికి మార్కులు కూడా ఉన్నాయి. ఆడపిల్లలతో ఒక ఆడ టీచరు వెళ్ళి తీరాలి, లేకపోతే వాళ్ళని పంపరు. మిగతా ఇద్దరు ఆడ టీచర్లలో ఒకామెకి ఎనిమిదో నెల, ఇంకొకామె కాలికి కట్టు. మిగిలింది ఈవిడే. పిల్లలు వెళ్ళాక నోటీసు బోర్డు దగ్గర నిలబడి మొత్తం చదివింది. బస, పొడవాటి బల్లల భోజనశాల, అందరూ ఒకేసారి భోజనం. రోజుకి మూడు పూటలు, మూడు రోజులు. తొమ్మిది పూటలు. బస్సంటే భయం లేదు, కొత్త చోటంటే లేదు, ముప్ఫై మంది పిల్లల బాధ్యతంటే అసలే లేదు. భయమంతా ఆ తొమ్మిది పూటలంటేనే.

ఇది ఎక్కడ మొదలైందో ఆమెకి తెలుసు. పెళ్ళైన మూడో రోజు, అత్తవారింటి భోజనాల బల్ల. పక్కన కూర్చున్న ఆడపడుచు చెంచా కింద పెట్టి, "అన్నయ్యా, వదిన తినడం చూశావా? అచ్చం మేక ఆకు నమిలినట్టే" అంది. మామగారు దగ్గు వచ్చేదాకా నవ్వారు. అత్తగారు "పోనీలేవే పాపం" అంటూనే నవ్వింది. అందరికంటే గట్టిగా ఆమె భర్త నవ్వాడు. అక్కడితో ఆగినా మర్చిపోయేదేమో. ఇంటికెవరొచ్చినా "మా వదిన తినేది చూడాలి మీరు" అని పిలిచి కూర్చోబెట్టేవాళ్ళు. ఆమె ముద్ద ఎత్తగానే బల్ల చుట్టూ అందరూ ఆగిపోయేవాళ్ళు. ఒకసారి పొలమారి కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి. "సరదాకి అన్నదానికి కూడా అంత పట్టింపేంటి నీకు" అన్నాడు ఆయన, ఆ రాత్రి గదిలో.

అప్పట్నుంచి ఆమె అందరికీ వడ్డించాక వంటింట్లో, కుళాయి తిప్పి, నిలబడి తింటోంది. ఎవరూ ఎందుకని అడగలేదు. అడగకపోగా బిరుదిచ్చారు. అందరూ తిన్నాక గానీ ముద్ద ముట్టదు, నోట్లో నాలుక లేని మనిషి, ఇలాంటి కోడలు దొరకాలంటే పెట్టి పుట్టాలి అని అత్తగారు ఊరంతా చెప్పుకుంది. ఒక మనిషి భయంతో గోడవారకి నక్కితే, ఎంత అణకువో అని మెచ్చుకున్నారు. మెచ్చుకుంటూ కంచాలు చాచారు. కూర కావాలన్నా, నీళ్ళు కావాలన్నా, అత్తగారి మాత్రలు కావాలన్నా పక్కనే ఒక మనిషి నిలబడి ఉంటే ఎవరికి చేదు?

నోటీసు చదివిన రోజు సాయంత్రం ఆయన్ని అడిగింది, హెడ్మాస్టరుగారికి ఫోను చేసి ఏదో ఒకటి చెప్పమని. ఇలాంటివన్నీ ఆయనే మాట్లాడతాడు. బ్యాంకులో, డాక్టరు దగ్గర, చివరికి ఆమె అన్నయ్యలతో కూడా. అది తన మీద ప్రేమే అనుకునేది. ఆమె పక్కగదిలో బట్టలు మడతపెడుతోంది, ఆయన వరండాలో మాట్లాడుతున్నాడు.

"మా ఆవిడ సంగతి మీకు తెలీదండీ. నలుగురిలో కూర్చుని తినలేదు. అబ్బే, జబ్బేం కాదు. పుట్టినప్పట్నుంచీ అంతేనండీ."

ఆమె చేతిలో చొక్కా సగం మడతలో ఆగింది.

పుట్టినప్పట్నుంచీనా? పుట్టింట్లో ముగ్గురన్నల మధ్య కూర్చుని, రెండో అన్న కంచంలోది లాక్కుని తిన్న పిల్ల తను. తింటూ వాగేది, వాగుతూ తినేది. "దీని నోరు మూయించడానికి అన్నం పెడితే, అన్నం తిని ఇంకాస్త వాగుతుంది" అని అమ్మ నెత్తి కొట్టుకునేది. ఆ పిల్ల ఏమైపోయిందని ఇన్నేళ్ళలో ఎవరూ వెతకలేదు. తను కూడా వెతకలేదు. అది తలుచుకోగానే ఆమెకి ఏడుపొచ్చింది, పక్కన ఓదార్చే దిక్కు లేదు కాబట్టి దానంతటదే ఆగింది.

ఆయన లోపలికొచ్చాడు. "అయిపోయింది. ఆడపిల్లల్ని ఆపేస్తార్ట. ఇంక నీకే ఇబ్బందీ లేదు."

"అందర్నీ ఆపేస్తారా?"

"పిక్నిక్కేగా, వాళ్ళకేం కొంప మునిగింది? బళ్ళోనే ఏదో రాయిస్తార్ట. అయినా మూడ్రోజులు నువ్వు లేకపోతే ఇక్కడెవరు చూస్తారు?"

"పుట్టినప్పట్నుంచీ అన్నారు."

"మరి కాదా?"

దబాయింపేం కాదు. నిజంగానే అడిగాడు. ఆ మొహంలో వెతికినా కపటం లేదు. అబద్ధమాడి ఉంటే కోపగించుకునేది, పోట్లాడేది. ఆయన అబద్ధం కూడా ఆడలేదు. మర్చిపోయాడంతే. ఇరవై రెండేళ్ళు ఒకే ఇంట్లో ఉండి ఆమె అంత ఒంటరిగా ఎప్పుడూ నిలబడలేదు.

ఆయన స్నానానికి వెళ్ళాడు. ఆమె ఫోను తీసింది. రెండుసార్లు నొక్కి పెట్టేసింది. మూడోసారి అవతల ఎత్తారు.

"సార్, నేను కుట్టు టీచర్ని. టూరుకి వస్తున్నానండీ."

"అదేంటమ్మా, ఇప్పుడే మీవారు..."

"ఆయన రావట్లేదండీ. నేను వస్తున్నాను."

హెడ్మాస్టరుగారు అవతల చిన్నగా నవ్వారు. ఆ నవ్వుకి ఆమె ఒళ్ళు బిగుసుకుంది, కానీ ఫోను పెట్టెయ్యలేదు. ఆడపిల్లల పేర్లు కొట్టెయ్యొద్దని చెప్పి, ఆయన సరేననేదాకా పట్టుకునే ఉంది.

భయం పోయిందా అంటే ఎక్కడికి పోతుంది? టూరు సోమవారం, ఇవాళ గురువారం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు, ఇల్లే రచ్చయిన చోట ఏం చెయ్యాలో మాత్రం చెప్పలేదు. ఎనిమిదింటికి బల్ల మీద అన్నీ సర్దింది. అత్తగారు, ఆయన, కాలేజీ నుంచి వచ్చిన కొడుకు కూర్చున్నారు. ఆమె వంటింట్లోంచి నాలుగో కంచం తెచ్చింది. నాలుగో కుర్చీ మీద పాత పేపర్లూ కొడుకు సంచీ ఉన్నాయి. అవన్నీ కింద పెట్టి కూర్చుంది.

"ఏంటే, ఒంట్లో బాగోలేదా?" అంది అత్తగారు.

"బానే ఉందత్తయ్యా."

అన్నం పెట్టుకుంది, కూర వేసుకుంది, ముద్ద ఎత్తింది. బల్ల చుట్టూ అందరూ ఆగిపోయారు, అప్పట్లాగే. నాలుగు మెతుకులు బల్ల మీద పడ్డాయి. నమలడం మొదలుపెట్టింది. కుళాయి లేదు, మిషను లేదు. చప్పుడంతా తలలోనే మోగుతోంది. ఎవరో ఒకరు నవ్వుతారని చూసింది. ఎవరూ నవ్వలేదు. నవ్వాల్సిన సంగతే వాళ్ళకి గుర్తు లేదు. ఏం చెయ్యాలో తెలియక ఖాళీ గ్లాసుల వంక చూస్తున్నారు.

కొడుకు వంటింటి వైపు చూసి, ఎదురుగా కూర్చున్న తల్లిని చూసి, "అమ్మా, నీళ్ళు" అన్నాడు.

అలవాటు కొద్దీ మోకాళ్ళు లేవబోయాయి. రెండు పాదాలూ నేలకి అదిమిపెట్టి, నోట్లో ముద్ద ఉండగానే అంది.

"నేను తింటున్నాను."