బొట్టు పెట్టి నా నోరు మూశారు

నేను ఒక పంచాయతీ రేడియోను. ఇప్పుడు మూగదాన్నే గానీ, ఒకప్పుడు నా గొంతు వినకుండా మా జాలరిపేటలో పొద్దు గుంకేది కాదు. చెక్క ఒళ్లు, ముందు రెండు మరలు, లోపల గాజు గొట్టాలు, ఇటుకంత బ్యాటరీ. నోరు మాత్రం పంచాయతీ ఆఫీసు ముందు స్తంభానికి కట్టిన రేకు గొట్టంలో ఉండేది.

నాకంటే ముందు, ఎక్కడో ఎవరికో తీగ లేకుండా మాటను గాలిలో పంపవచ్చన్న ఊహ పుట్టింది. చుట్టుపక్కల వాళ్లు ఆయన్ని పిచ్చివాడనే అని ఉంటారు. ఆ ఊహే కర్మాగారం చేరి నాలాంటి వేల పెట్టెలై ఊళ్లకు బయల్దేరింది. నేను రైల్లో వచ్చి, ఎడ్లబండెక్కి, ఇసుకలో చివరి మైలు మనుషుల భుజాల మీద ఊరేగి, శ్రీకాకుళం తీరంలో దిగాను.

పేటవాళ్లకు నేనంటే సరదాయే. వార్తలు చదివే ఆయన్ని ముసలమ్మలు ఇంకోసారి చెప్పమని అడిగేవారు. ఆయన వినిపించుకోకుండా ముందుకు పోతే, పొగరుబోతని తిట్టి ఇళ్లకు వెళ్లేవారు. పక్క ఊళ్లో ఉండే సెక్రటరీ రోజూ రాలేక, ఆఫీసు ఊడ్చే ఎర్రమ్మకు మర తిప్పడం నేర్పాడు. నన్ను లేపేదీ పడుకోబెట్టేదీ ఆమే. ఆమె మొగుడు కొర్లయ్య తెప్ప మీద వేటకు వెళ్లేవాడు.

కులపెద్ద దానయ్య కొర్లయ్యకు పెదనాన్న. గాలి వాసన, నీళ్ల రంగు చూసి సముద్రం మనసు చెప్పగల మనిషి. నా మాట ఆయనకు ఆనేది కాదు. ఆ కోపమూ న్యాయమైనదే. ఒక ఏడు నేను తుపాను వస్తుందంటే నాలుగు రోజులు వేట మానేసి కూర్చున్నారు. ఆకు కూడా కదల్లేదు. పిల్లలు గంజితో సరిపెట్టుకున్నారు. అప్పట్నుంచి నా పేరు అబద్ధాల పెట్టె. నేను విన్నదే చెప్పానని ఎవరికి చెప్పుకోను?

అయినా మరుసటేడు దసరాకు నాకూ మర్యాద దక్కింది. ఆయుధపూజ నాడు వలలు, తెడ్లు, కత్తులు వరసగా పెడుతుంటే, రేడియో కూడా పనిముట్టే కదా అన్నాడు ప్రెసిడెంటు. దానయ్య కాదనలేదు. కాకపోతే పూజ చేసిన పనిముట్టు ఆ పగలూ రాత్రీ నిద్రపోవాలి, మర్నాడు కొబ్బరికాయ కొట్టి వయసు వరసలో లేపాలి. అది వాళ్ల కట్టు. తెప్పలు, వలలు తాతల నాటివి గనుక ముందు లేస్తాయి. నేను అందరికంటే చిన్నదాన్ని, తెప్పలు సముద్రంలోకి వెళ్లిపోయాక లేవాలి. నాకు పసుపు రాసి, ఐదు బొట్లు పెట్టి, మరకు దారంతో నిమ్మకాయ కట్టారు. మర్యాద చేసి నోరు మూయడం మనుషులకే తెలిసిన విద్య.

పూజకు ముందు సాయంత్రమే నేను బంగాళాఖాతంలో వాయుగుండం ఉందని చెప్పాను. అబద్ధాల పెట్టె మాట ఎవరు వింటారు? ఎర్రమ్మ ఒక్కతే విన్నది.

దసరా పొద్దున ఎండ మీద పడేసరికి పన్నెండు తెప్పలు నీళ్ల అంచున ఉన్నాయి. సముద్రం పాలలా ఉంది. ఎర్రమ్మ దానయ్య దగ్గరికి వెళ్లి, ముందు రేడియోను లేపనివ్వమని బతిమాలింది. సముద్రం ఎదురుగా కనిపిస్తుంటే పెట్టెను అడిగేదేమిటన్నాడాయన. నిద్రలో ఉన్న పనిముట్టును ముట్టుకుంటే పేటకే కీడన్నాడు. పెద్దల మాట చద్దిమూట కదా. కొర్లయ్య తల వంచుకుని వల సర్దుకున్నాడు.

ఆమె ఒక్కతే నా దగ్గరికి వచ్చింది. నేను మళ్లీ అబద్ధమాడితే కట్టు తప్పిన పాపం ఆమె ఇంటి మీద పడుతుంది. నన్ను లేపకపోతే మొగుడు సముద్రంలోకి వెళ్లిపోతాడు.

"గంగమ్మ తల్లీ, తప్పయితే నాకే తగల్నీ. ఆలకి ఒద్దు" అని, నిమ్మకాయ దారం తెంచి మర తిప్పింది.

గాజు గొట్టాలు వేడెక్కడానికి పట్టే ఆ అర నిమిషం నాకు ఒక యుగం. తెప్ప మీద ఒకడు అప్పటికే కాలు పెట్టాడు. అప్పుడు నా గొంతు లేచింది. "వాయుగుండం తుపానుగా మారింది. సాయంత్రానికి తీరం దాటవచ్చు. మత్స్యకారులు వేటకు వెళ్లరాదు." ఆ రోజు ముసలమ్మలు అడగకుండానే రెండోసారీ చెప్పాను.

అందరూ దానయ్య వైపు చూశారు. ఆయన నా స్తంభం కిందికి వచ్చి నిలబడి సముద్రాన్ని చాలాసేపు చూశాడు. కోప్పడతాడనుకున్నాను.

"ఆ పెట్టి కాదురా, గంగమ్మ తల్లే పలికింది. తెప్పలు ఎనక్కి లాగండి" అన్నాడు.

చెప్పింది నేను, పేరు తల్లికి. అయితేనేం, తెప్పలు ఇసుక దిబ్బల వెనక్కి చేరాయి. కొత్త ఊహను మనుషులు ఏదో ఒక పాత కొయ్యకు తగిలించుకుంటే గానీ ఇంట్లోకి రానివ్వరు. నాకు ఏ కొయ్యయినా ఒకటే.

సాయంత్రం గాలి విరుచుకుపడింది. గుడిసెలు లేచిపోయాయి. పేటంతా ఇటుకల బడిలో దూరింది, నేను ఎర్రమ్మ ఒళ్లో దుప్పట్లో ఉన్నాను. తెల్లారాక దానయ్య తలలు లెక్కపెట్టాడు. నమ్మలేక మళ్లీ లెక్కపెట్టాడు. ఒక్కటీ తగ్గలేదు. కొర్లయ్య నోరు తెరుచుకుని నిద్రపోతున్నాడు. హమ్మయ్య అనుకున్నాను. నేను పుట్టింది ఎందుకో ఆ పొద్దున నాకు తెలిసింది.

మరుసటి దసరాకు వరస మారింది. తల్లి నోరు ముందు విప్పాలంటూ దానయ్యే నిమ్మకాయ తీసి, నన్ను మొదట లేపాడు.

ఇదంతా జరిగి యాభై ఏళ్ల పైమాట. ఇప్పుడు నేను తుపాను షెల్టరులో గాజు అల్మరాలో ఉన్నాను. సముద్రం కబుర్లు అందరి జేబుల్లోని ఫోన్లకే వస్తాయి. నా మనవలు నాకంటే తెలివైనవాళ్లు, నాకు దిగులు లేదు.

ఎర్రమ్మ నడుం వంగిపోయింది. అయినా ప్రతి దసరా పొద్దున వస్తుంది, అల్మరా తీయించి నాకు బొట్టు పెడుతుంది. నాలో బ్యాటరీ లేదని ఆమెకు తెలుసు. ముందు నా మర తిప్పి, అర నిమిషం ఆగుతుంది. ఆ తర్వాతే, వేటకు బయల్దేరబోయే తన మనవడికి ఫోను చేసి వెళ్లిరమ్మని చెబుతుంది.