‘అక్కా’ దగ్గర ఆగిపోయే మాట

బల్ల కింద దూరినవాడికి లోకమంతా కాళ్లే. కంప్యూటరు డబ్బా వెనక వైర్లు ఒక్కొక్కటే లాగి, తుడిచి, మళ్లీ బిగిస్తున్న చూద్దాం గారికి ఆ పొద్దున ఎదురుగా రెండు పాదాలు కనిపిస్తున్నాయి. మడమలు పగిలాయి. బట్టల అంచుకి నీలం దారప్పోగులు అంటుకుని ఉన్నాయి. బడిపిల్లల యూనిఫారాలు కుట్టి పొట్టపోసుకునే మనిషి పాదాలవి. ఆయన వచ్చినప్పట్నించీ అవి అలా నిలబడే ఉన్నాయి.

“కూర్చోండమ్మా, ఎంతసేపని నిలబడతారు?” అన్నాడు బల్ల కిందనుంచే.

“భలేవారే అన్నయ్యగారూ! మీరు నేలమీద పాకుతుంటే నేను కుర్చీలో కూర్చుంటానా? బాగుంటుందా?”

చూద్దాం గారికి అసలు పేరొకటుంది గానీ దాన్ని వాడేవాళ్లు లేరు. ఏ యంత్రం తెచ్చి ముందుపెట్టినా ముందు ‘చూద్దాం’ అంటాడు కనక ఆ పేరే స్థిరపడిపోయింది. రేడియోల కాలంలో పనిలో చేరాడు. అవి పోయి టీవీలొస్తే టీవీలు విప్పాడు, కంప్యూటర్లొస్తే వీటికింద దూరాడు. చెప్పుకోదగ్గ ఘనకార్యం ఒక్కటీ లేదు. షాపుకి ఓనరు కాలేదు, అవుదామనీ అనుకోలేదు. చిన్నప్పుడు రేడియో మేస్త్రి నేర్పిన రెండు నియమాలు మాత్రం పట్టుకు వేళ్లాడాడు. ఒకటి, అదనంగా తగిలించినవన్నీ ముందు పీకెయ్యి. రెండు, కస్టమరు కుర్చీలో కూర్చోకు, అది వాళ్ల చోటు. కాబట్టి ఎవరింటికెళ్లినా ఆయన చోటు నేలే. నియమాలు చెక్కుచెదరలేదు, మోకాళ్లే అరిగిపోయాయి.

కిటికీ పక్క మంచంమీద, వీపుకి దిళ్లు ఎత్తు పెట్టుకుని, ఆ ఇంటామె తమ్ముడు పడుకుని ఉన్నాడు. ఒకప్పుడు బస్సు కండక్టరు. కిక్కిరిసిన బస్సులో ఈ చివరనుంచి ఆ చివరకి కేకేస్తే నిద్రపోయేవాళ్లు కూడా లేచి ముందుకి జరిగేవారట. నరాల జబ్బొచ్చి ఒళ్లు ఒక్కొక్క అవయవాన్నీ వదిలేసుకుంటూ వచ్చింది. గొంతూ పోయింది. ఇక మిగిలినవి కళ్లూ, కుడిచేతి చూపుడువేలూ. ఆ వేలికింద ఒక బటను. ఎదురుగా కంప్యూటరు తెరమీద అక్షరాల పలక. అక్షరాలమీద పసుపుపచ్చ గడి ఒకటి మెల్లగా నడుస్తూ పోతుంటుంది. కావలసిన అక్షరం మీదికి రాగానే వేలు నొక్కుతాడు. అలా కూడబలుక్కుని మాట పూర్తి చేస్తే యంత్రం పైకి చదువుతుంది. అంటే, ఆ కంప్యూటరు పాడైతే పాడైంది వస్తువు కాదు, మనిషి గొంతు.

అది పాడైందో లేదో ఎవరూ తేల్చలేకపోతున్నారు. అదే గొడవ.

“వాడు ‘అక్కా’ అని మొదలుపెడతాడు అన్నయ్యగారూ. నేను ఇలా వెళ్లి అలా వచ్చేసరికి పలక ఖాళీ. వాడి కళ్లలో నీళ్లు. మళ్లీ మొదలుపెడతాడు, మళ్లీ అంతే. ఏదో చెప్పాలని వాడి తాపత్రయం. మీరొచ్చారంటే మాత్రం ఈ మాయదారిది ఎంత బుద్ధిమంతురాలో!”

షాపు కుర్రాళ్లు దీన్ని రెండుసార్లు మోసుకెళ్లారు. రోజుల తరబడి తిప్పి చూశారు. ఒక్కసారైనా ఆగితేనా! పక్కింటివాళ్లయితే, రోగి తెలియక ఏదో నొక్కేస్తున్నాడన్నారు. ఆ మాటకి అక్క వాళ్లతో మాట్లాడడం మానేసింది. ఇక ఇవాళే ఆఖరు. ఇవాళ కూడా తప్పు దొరక్కపోతే యంత్రాన్నిచ్చిన సంస్థ దీన్ని వెనక్కి తీసుకుని ఇంకొకటి పంపుతుంది. అది రావడానికి నెలలు పడుతుంది. ఊపిరి తగ్గిపోతోంది, నెలల లెక్కలు పెట్టుకోవద్దని డాక్టరు అక్కని పక్కకి పిలిచి చెప్పేశాడు.

చూద్దాం గారు అన్నీ చూశాడు. పీకేసిన బటను వైరు ఆఖర్న మళ్లీ తగిలించాడు. తప్పేమీ దొరకలేదు. తప్పు లేదని చెప్పడానికి నోరు రాలేదు.

బల్ల కిందనుంచి బయటికి రాబోతే మోకాలు పట్టేసింది. “అమ్మా!” అన్నాడు నేలమీదే.

“అయ్యో అయ్యో!” అక్క పరుగున వచ్చి ఆయన్ని రెక్కపట్టి లేపింది. ఆమె నడుంనొప్పికని ఎవరో ఆఫీసు ఖాళీచేస్తూ అమ్మితే కొని, రోజూ తమ్ముడి పక్కన వేసుకు కూర్చునే కుర్చీ ఒకటుంది, మీట నొక్కితే పైకీ కిందికీ జరిగేది. దాన్ని లాగి ఆయన్ని అందులో కుదేసింది. “వద్దమ్మా, మీ కుర్చీ...” అంటున్నా వినలేదు. “నోరుమూసుకుని కూర్చోండి. మంచినీళ్లు తెస్తాను.” లోపలికి వెళ్లిపోయింది.

ఇన్నేళ్ల వృత్తిలో కస్టమరు కుర్చీలో కూర్చోవడం ఆయనకదే మొదలు. తప్పు చేసినవాడిలా అంచుమీద కూర్చున్నాడు. పసుపు గడి నడుస్తోంది. వేలు నొక్కింది. అ... క్కా... తమ్ముడి కళ్లు ఒక్కసారి తెరమీంచి దిగి కుర్చీని చూశాయి. ఆయన్ని చూశాయి. మళ్లీ కుర్చీని. ఏం కావాలో అడుగుదామని చూద్దాం గారు బల్లమీద చేతులానించి లేచాడు.

తెర ఆరిపోయింది.

ఆయన లేచినవాడు లేచినట్టే నిలబడిపోయాడు. రెండు ఊపిరులు తీసేంతలో తెర వెలిగింది. పలక ఖాళీ. అక్షరమ్ముక్క లేదు.

కూర్చున్నాడు. లేచాడు. ఏమీ కాలేదు. మళ్లీ కూర్చున్నాడు, మళ్లీ లేచాడు. ఆరిపోయింది! మంచినీళ్ల గ్లాసుతో గుమ్మంలోకొచ్చిన అక్కకి, మోకాళ్లనొప్పుల మనిషి పూనకం వచ్చినట్టు కూర్చుంటూ లేస్తూ, నవ్వుతూ కనిపించాడు.

“ఏమైంది అన్నయ్యగారూ? మతిగానీ పోయిందా?”

“మీరోసారి కూర్చోండమ్మా. లేవండి. అటు తిరక్కండి, తెరవంకే చూడండి!”

ఆమె లేచింది. తెర ఆరింది. గ్లాసులో నీళ్లు ఒలికాయి.

బస్సులో పాటలు వినడానికి జేబులో పెట్టుకు తిరిగే బుల్లి రేడియో తీశాడాయన. ఏ స్టేషనూ లేనిచోట ముల్లు నిలిపి బల్లమీద పెట్టాడు. హోరు. “ఇప్పుడు లేవండి.” హోరు మధ్యలో ‘టప్’మని ఒక చప్పుడు. మళ్లీ లేవండి. ‘టప్’. మంచంమీద తమ్ముడి కళ్లు పెద్దవయ్యాయి.

“అది మీరేనమ్మా,” అన్నాడు. “మీరు లేచిన చప్పుడు. బరువు దిగగానే ఈ కుర్చీ కాడలో, ఇనుములో, గుడ్డలో చిటికెడు కరెంటు పుట్టి ఎగురుతోంది. మన చెవికి వినబడదు. తెర వైరుకి వినబడుతోంది. ఉలిక్కిపడి కళ్లు మూసుకుంటోంది. దాంతో పలక మొదటికొచ్చేస్తోంది.”

చెబుతున్నాడే గానీ ఆయనకే నమ్మశక్యంగా లేదు. ఫ్యాను స్విచ్చి వేస్తే రేడియో చిటపటలాడుతుందని ఏనాడో తెలుసు. కానీ మనిషి! ఒక మనిషి ఇంకో మనిషి పక్కనుంచి లేస్తే, గదిలో గాలిని దాటుకుంటూ ఏదో ఒకటి వెళుతుందా? వెళ్లి తగులుతుందా? ఎన్నివేలసార్లు ఎందరి పక్కనుంచి లేచి ఉంటాడు తను, వెనక ఏం ఆరిపోయిందో ఏనాడైనా తిరిగి చూశాడా? అమ్మో, ఎంత వింత ఇది, ఎంత పెద్ద వింత!

మరుక్షణమే ఇంకొకటి తట్టి తల వంచుకున్నాడు. మంచం దగ్గరికెళ్లి వంగాడు. “తమ్ముడూ, అక్క లేచినప్పుడే పోతోందని నీకు ముందే తెలుసు కదూ?”

తమ్ముడు కళ్లు మూసి తెరిచాడు. అవునని.

“మేమేమో రాగానే ముందు నీ బటనే పీకేస్తిమి. చూసినవాడివి నువ్వొక్కడివే, నీ నోరే కట్టేశాం. క్షమించు నాయనా.”

వంటింట్లోంచి ఎత్తుపీట తెప్పించాడు. చెక్కది, మేకులు తప్ప ఇనుమన్నది లేదు. ఆఫీసు కుర్చీని తనే వరండాలోకి తోసేశాడు. అక్క పీటమీద కూర్చుంది. పసుపు గడి బయల్దేరింది.

అ. క్కా. తర్వాత ‘ఏ’.

“ఏంటి నాన్నా, ఏం కావాలి? ఒత్తిగిలి పడుకుంటావా? దిండు సర్దనా?” ఆమె అప్పటికే సగం లేచింది. మొదటి అక్షరానికే తమ్ముడికేం కావాలో కనిపెట్టేస్తానని ఊరంతా చెప్పుకునే మనిషి. నిజమే, ఒక్కొక్క అక్షరానికీ ఒక్కొక్క పరుగు ఆమెది.

“కూర్చోండమ్మా,” అన్నాడు చూద్దాం గారు.

“కాదన్నయ్యగారూ, వాడికేదో...”

“చెప్పనివ్వండి.”

ఆమె చేతులు ఒళ్లో పెట్టుకుని, ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని కూర్చుంది. గడి నడుస్తోంది. ఒక్కో అక్షరానికీ అది పలకంతా తిరిగి రావాలి. వేలు ఒకసారి తప్పు నొక్కింది, వెనక్కి వెళ్లి దిద్దుకుంది. గోడవతల ఎవరో బకెట్టు నింపుకుంటున్నారు, అది నిండి పొర్లింది కూడా. ఇంకా అవలేదు. మాట ఇంత దూరంనుంచి నడిచొస్తుందని ఆ గదిలో ఎవరికీ అంతకుముందు తెలీదు.

యంత్రం గొంతు సవరించుకున్నట్టు ‘టింగ్’మని, ఎత్తుపల్లాల్లేని గొంతుతో చదివింది:

“అక్కా, ఏమీ వద్దు. కూర్చో.”



“ఏమీ వద్దా?” అంది అక్క. “నిజంగానే ఏమీ వద్దా నీకు?”

గడి మళ్లీ బయల్దేరింది. ఈసారి ఆమె కదల్లేదు.

“టిక్కెట్టు కొట్టేలోపే దిగిపోతావు.”

అక్క పకపకా నవ్వింది. నవ్వుతూ నవ్వుతూ మంచంపట్టె మీదికి వాలి భోరుమంది. తమ్ముడి పెదవి ఒక చివర కొంచెం, చాలా కొంచెం, పైకి లేచింది. చూద్దాం గారు సామాను సర్దుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరకి వేసి వచ్చేశాడు. ఏం తప్పు దొరికిందని షాపులో అడిగితే, “కుర్చీ” అన్నాడు. కుర్రాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

ఆ రాత్రి భోజనమయ్యాక ఆయన లేవలేదు. కంచం ముందు అలాగే కూర్చుని భార్యతో, “ఊ, చెప్పు” అన్నాడు.

“ఏం చెప్పను?”

“ఏదైనా.”

ఆమె దగ్గరకొచ్చి నుదురుమీద చెయ్యివేసి చూసింది. జ్వరం లేదు. అనుమానంగానే ఎదురుగా కూర్చుని, పక్కవీధి పిల్ల పెళ్లి తప్పిపోయిన సంగతి మొదలుపెట్టింది. అది మరెన్నో సంగతుల్లోకి పోయింది. చెయ్యి ఎండిపోయినా ఆయన వింటూనే ఉన్నాడు.

వానలు పడి వెలిశాక అక్క షాపుకి ఫోను చేసింది. యంత్రం ఇంకెవరికైనా పనికొస్తుంది, వచ్చి తీసుకెళ్లమంది. తమ్ముడు ఒక తెల్లవారుజామున నిద్రలోనే వెళ్లిపోయాడట. ఆమె అది మామూలుగానే చెప్పింది.

చూద్దాం గారే వెళ్లాడు. మంచం ఎత్తేశారు. కిటికీ తెరిచి ఉంది.

“ఎన్ని కబుర్లు చెప్పాడని అన్నయ్యగారూ!” అంది అక్క తలుపుకానుకుని. “చిల్లర లేదని చెప్పి కోడిని చేతిలో పెట్టిపోయిన ముసలమ్మ సంగతి చెప్పడానికి వాడికి రెండు రోజులు పట్టింది. రెండు రోజులూ విన్నాను. కుట్టుపని ఇక్కడే ఒళ్లో పెట్టుకుని కూర్చునేదాన్ని. వాడికి చెప్పాల్సింది అయిపోయింది. ఆఖరిరోజు బటనుమీంచి వేలు తనంతట తనే తీసేసుకున్నాడు.”

ఆయన తలూపి, బల్ల కింద దూరి, వైర్లు ఒక్కొక్కటే విప్పి చుట్టలు చుట్టాడు. పెట్టె కట్టి గుమ్మం దాకా మోసుకొచ్చి, చెప్పులేసుకుంటూ ఒకసారి వెనక్కి చూశాడు.

ఖాళీ గదిలో, మంచం ఉండిన చోటికి ఎదురుగా, ఎత్తుపీట అలాగే ఉంది. దానిమీద యూనిఫారం ముక్కలు అతికి కుట్టిన నీలంరంగు చిన్న దిండు, కూర్చుని కూర్చుని నడుమ గుంటపడి, అంచుల్లో దూది పైకి తేలి ఉంది.